అమ్మ చీకట్లో పడలేదు

అన్నయ్యకి చెల్లెలి నమస్కారం.

ఇక్కడ అందరం బాగున్నాం, అక్కడ నువ్వూ బాగున్నావని తలుస్తాను అని ఎప్పటిలాగే మొదలుపెట్టి, ఆ కాగితం పక్కన పడేసి ఇంకోటి తీసుకున్నాను. పోయిన ఉత్తరంలోనూ అదే రాశాను. అప్పుడూ అది పూర్తిగా నిజం కాదు. అందుకే ఈసారి బాగున్నవాళ్ళెవరో, లేనివాళ్ళెవరో విడివిడిగా రాస్తాను. మీ బావగారు బాగున్నారు. నీ మేనకోడలు బాగుంది, దాని నోరు ఇంకా బాగుంది. నా సంగతి నిదానంగా చెబుతాను. నువ్వు మాత్రం కూర్చుని చదువు. ఒక చేత్తో టీ గ్లాసు, ఇంకో చేత్తో ఉత్తరం పట్టుకుని గుమ్మంలో నిలబడి చదివేస్తావని నాకు తెలుసు. కూర్చో.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. వంటింటి కుళాయి బాగుచేయించామా అన్నావు. చేయించాం. ఇప్పుడు స్నానాలగదిది కారుతోంది. అమ్మాయి కారు నడపడం నేర్చుకుందా అన్నావు. నేర్చుకుంది. కానీ మీ బావగారు దాని పక్కన కూర్చుని లేని బ్రేకుని రెండు కాళ్ళతోనూ తొక్కుతూనే ఉంటారు. జీవితమంతా సిటీ బస్సు నడిపిన మనిషి, సొంత కూతురు మలుపు తిప్పుతుంటే కళ్ళు మూసుకుంటున్నారు. ఇక నువ్వు జీపు దిగుతూ కాలు జారి పడ్డావనీ, పక్కటెముక చిట్లిందనీ రాసి, దానికేం రాసుకుంటే మంచిదని అడిగావు. ఏమీ రాసుకోకు. ఎందుకో తర్వాత చెబుతాను. చివర్లో, నీకు కాలు బెణికిందన్నావే, తగ్గిందా అని అడిగావు. ఆ ఒక్క ప్రశ్నకి జవాబే ఈ ఉత్తరమంతా.

బెణకలేదన్నయ్యా. తుంటి విరిగింది.

ఆపరేషను అయింది. లోపల రాడ్డు వేశారు. వాకరు పట్టుకుని మంచం నుంచి వంటింటిదాకా వెళ్ళగలుగుతున్నాను. నీ మేనకోడలు పొద్దున్నే వచ్చి నా కాలు పైకెత్తించి, దించి, మళ్ళీ ఎత్తించి, అరిచి, నా చేత అరిపించి వెళుతోంది. కాబట్టి గాబరా పడకు. తుంటి అన్న మాట వింటే నీకేమవుతుందో తెలుసు గనకే అప్పుడు బెణికిందని రాశాను. మన ఇంట్లో ఆ మాట ఎవరూ పైకి అనరు కదా. కానీ ఇప్పుడు అనకపోతే కుదరని పరిస్థితి వచ్చింది.

జరిగింది జరిగినట్టు రాస్తాను.

మా హోటల్ లాండ్రీ నీకు తెలుసు, నేల కింది అంతస్తులో. దుప్పట్లు ఉతికి, ఆరి, పెద్ద రోలరు మిషను నోట్లోంచి వేడివేడిగా బయటికొస్తాయి. ఇద్దరం చెరోవైపు కొసలు పట్టుకుని, ఎదురుగా నడిచొచ్చి, కొస కొస కలిపి మడత పెడతాం. నా జోడీ పొడుగమ్మ. అసలు పేరు రిజిస్టర్లో ఉంటుంది, మాకు మాత్రం పొడుగమ్మే. దాని చేతులు పైకెత్తితే పైపులు తగులుతాయి. ఇన్నేళ్ళుగా ఇద్దరం రోజూ ఎదురెదురు నడుస్తున్నాం. మీ బావగారి ముఖం కంటే దాని ముఖమే నేను ఎక్కువ చూసి ఉంటాను.

కొన్నాళ్ళుగా నాకు గుండె దడగా ఉంటోంది. కొట్టుకోవడం వేగమవడమే కాదు, తాళం తప్పినట్టు, ఓ దెబ్బ ఎగరగొట్టి, రెండు దెబ్బలు ఒకేసారి వేసినట్టు. మిషను వేడి అనుకున్నాను. వయసు అనుకున్నాను. ఆడవాళ్ళకి ఈ వయసులో ఏదొచ్చినా ఈ వయసుకే కట్టబెట్టేస్తాం కదా. ఎవరికీ చెప్పలేదు. దడ వచ్చినప్పుడు మెట్లు మానేసి సర్వీసు లిఫ్టు ఎక్కేదాన్ని. సాయంత్రం పార్కుదాకా నడక మానేశాను. ఇంటికొచ్చి కుర్చీలో కూలబడేదాన్ని. మీ బావగారు అడిగితే ‘దుప్పట్లు ఎక్కువొచ్చాయండీ ఇవాళ’ అనేదాన్ని. పాపం ఆ దుప్పట్లు ఎన్ని నిందలు మోశాయో.

ఆ రోజు పొద్దున్న దుప్పటి కొసలు పట్టుకుని పొడుగమ్మవైపు నడుస్తున్నాను. అంతవరకే గుర్తుంది. తర్వాత చూస్తే కప్పు మీది పైపులు కనిపించాయి. ఇవి ఇంత తీరిగ్గా ఎప్పుడు చూశానబ్బా అనుకున్నాను. అప్పుడు నొప్పి తెలిసింది. ఆ నొప్పి గురించి రాయను.

మేనేజరు పరుగెత్తుకొచ్చాడు. వచ్చి మొట్టమొదట చేసిన పనేమిటో తెలుసా? వంగి నేలని వేలితో తడిమాడు. “ఎవరు తుడిచారిక్కడ? తడి ఎక్కడుంది?” అన్నాడు. తుడిచే ఆవిడ అప్పటికే ఏడుపు మొహం పెట్టేసింది. “పొడిగానే ఉంది సార్, నేనింకా ఇటు రానే లేదు సార్” అంటోంది. అందరూ వంగి నేల చూస్తున్నారు. పడ్డదాన్ని నేను, విచారణ నేలకి.

పొడుగమ్మ నా తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. అదొక్కతే నేల చూడలేదు. “నేల సంగతి తర్వాత చూద్దురు గానీ సార్, ముందు అంబులెన్సు పిలవండి. ఈవిడ జారలేదు. పడకముందే ఈవిడ లేదు” అంది.

“లేదంటే?” అన్నాడు.

“కళ్ళు తెరిచే ఉన్నాయి సార్. మనిషి లేదు. ముందు దుప్పటి కొసలు చేతుల్లోంచి జారాయి, ఆ తర్వాత మనిషి. నేను ఎదురుగానే ఉన్నానుగా.”

ఆ ముక్క నాకు ఆసుపత్రిలో ఎంత పనికొచ్చిందో చెబుతాను.

ఎముకల డాక్టరు లావుపాటి మనిషి, నవ్వుతూనే మాట్లాడతాడు. ఎక్స్‌రే చూసి నవ్వు ఆపేశాడు. “ఎంత ఎత్తునుంచి పడ్డారమ్మా?” అన్నాడు. నిలబడ్డ చోటే పడ్డానన్నాను. “నిలబడ్డ ఎత్తునుంచి పడితే ఈ ఎముక ఇలా విరగకూడదే” అన్నాడు. తర్వాత స్కాను తీయిస్తే ఎముకలు పలచబడిపోయాయని తేలింది. సరే, ఆపరేషను చేసేద్దామనుకున్నారు. మత్తు ఇచ్చేముందు గుండె చూడాలి కదా, పై అంతస్తునుంచి ఒక డాక్టరమ్మ వచ్చింది. మన అమ్మాయి వయసే ఉంటుంది. జుట్టు పైకి కట్టేసి, పరుగెత్తుతున్నట్టు మాట్లాడుతుంది. ఈసీజీ కాగితం చేతిలోకి తీసుకుని మాత్రం ఒక్కసారిగా నెమ్మదించింది. ఆ కాగితం నాకూ చూపించింది. పొందికగా ఉండాల్సిన గీతలు ఇష్టమొచ్చినట్టున్నాయి, ఒకటి దగ్గర, ఒకటి దూరం. గుండె పై గదులు సరిగ్గా కొట్టుకోవాల్సింది పోయి వణుకుతున్నాయట. అందుకని కింది గదులకి తాళం అందడం లేదట.

ఆపరేషను ఆగింది. గుండె కాస్త దారికొచ్చేదాకా మత్తు ఇవ్వనని ఆవిడ. ఎక్కువ ఆగితే మనిషి మంచం పడుతుందని ఈయన. నా మంచం పక్కనే నిలబడి ఇద్దరూ వాదించుకున్నారు. మీ బావగారు ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూస్తూ, సిగ్నలు దగ్గర ఆగిపోయిన బస్సు డ్రైవరులా నిలబడ్డారు.

“పడింది కాబట్టి విరిగింది. అది నా పని, నేను అతికిస్తాను” అన్నాడు ఎముకల డాక్టరు.

“పడింది కాబట్టి విరిగింది, సరే సార్. ఎందుకు పడింది? అది తేలకుండా పంపిస్తే ఈసారి రెండో తుంటితో వస్తుంది” అంది డాక్టరమ్మ.

అప్పుడు నేను పొడుగమ్మ అన్న మాట చెప్పాను. ముందు కొసలు, తర్వాత మనిషి. డాక్టరమ్మ తల ఊపింది. కుర్చీ లాక్కుని కూర్చుని చెప్పింది. నాకర్థమైనంత రాస్తాను. గుండె తాళం బాగా తప్పినప్పుడు మెదడుకి రక్తం ఒక్క క్షణం అందకపోయినా చాలు, మనిషి నిలువునా కూలిపోవచ్చట. అది ఒక వైపు. ఇంకో వైపు ఎముక. దడ వస్తుందని మనిషి నడక తగ్గించేస్తుంది, ఎండలోకి వెళ్ళదు, కుర్చీ వదలదు. కదలని ఒంట్లో ఎముక బలం నిలవదు. వయసు రెండింటినీ కలిపి కిందికి లాగుతుంది. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే పాత మందుల్లో కొన్ని ఎముకకి అంత మంచివి కావేమోనని కూడా అనుమానం ఉందట, అందుకని నాకు మందు చూసి ఎంచింది. “ఎందుకో మొత్తం ఇంకా మాకూ తెలీదమ్మా. కానీ గుండె లయ తప్పినవాళ్ళలో ఇలా ఎముకలు విరగడం మిగతావాళ్ళకంటే ఎక్కువే చూస్తున్నాం. గుండె వార్డులో ఎవరూ ఎముక సంగతి అడగరు, ఎముకల వార్డులో ఎవరూ గుండె సంగతి అడగరు. మనిషి మాత్రం ఒకరే కదా” అంది.

ఆ తర్వాత అడిగింది. “మీ ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా? గుండె దడ గానీ, పడి ఎముక విరగడం గానీ?”

“మా అమ్మకి తుంటి విరిగిందండీ. అది వేరు. మెట్లమీద బల్బు కాలిపోయింది. చీకట్లో పడింది” అన్నాను.

“చీకటిగా ఉండటం మీరు చూశారా?” అంది.

ఊరికే, కాగితం మీద ఏదో రాసుకుంటూ అడిగింది. చూశానని చెప్పడానికి నోరు తెరిచాను అన్నయ్యా. కానీ నేను చూసింది వేరు.

నువ్వు ఇక్కడ ఉత్తరం మడిచెయ్యకు. చదువు.

అమ్మ మేడ మీద ఆరిన బట్టలు తీసుకుని దిగుతోంది. మెట్ల మలుపులో పడింది. ఆ చప్పుడికి ముందు పరుగెత్తింది నేను. నువ్వు ఆటకి వెళ్ళావు. నాన్న, కింది వాటా ఆయన కలిసి అమ్మని ఎత్తుకుని దించారు, బండి పిలిచారు. వాళ్ళు వెళ్ళిపోయారు. నన్ను ఇంటి దగ్గర ఉండమన్నారు. ఏం చెయ్యాలో తెలియక నేను మెట్లమీద కూర్చున్నాను. బట్టలు చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. బట్టల క్లిప్పులు డబ్బాలోంచి పడి మెట్లన్నిటిమీదా దొర్లిపోయాయి. నేను ఒక్కొక్కటీ ఏరాను. ఒక ఎర్ర క్లిప్పు విడిపోయి ఉంది. దాని స్ప్రింగు ఎక్కడుందా అని వెతికాను. చిన్న స్ప్రింగు, చీమంత. మూల మెట్టు అంచున దొరికింది. దాన్ని మళ్ళీ క్లిప్పుకి తగిలించాను కూడా.

దీపం లేకుండా అన్నయ్యా. నా చేతిలో టార్చి లేదు, కొవ్వొత్తి లేదు. ఆ మెట్లకి పడమటివైపు కిటికీ ఉంది గుర్తుందా, నువ్వు గాలిపటం ఇరికించి అద్దం పగలగొట్టిన కిటికీ? దాన్లోంచి ఎండ మెట్లమీద పడుతోంది. ఆ ఎండలో స్ప్రింగు మెరిసింది. అందుకే దొరికింది.

అమ్మ పడేసరికి చీకటి పడలేదు.

మరి బల్బు మాట ఎలా వచ్చింది? డాక్టరమ్మ వెళ్ళిపోయాక కప్పు చూస్తూ పడుకుని అదే ఆలోచించాను. నాన్నా, ఆటనుంచి నేరుగా అక్కడికి పరుగెత్తిన నువ్వూ ఆసుపత్రినుంచి వచ్చేసరికి బాగా చీకటి పడింది. నాన్న మెట్లకింద స్విచ్చి వేశారు. వెలగలేదు. మళ్ళీ వేశారు. అప్పుడన్నారు, “ఆ బల్బు వేసి ఉంటే...” అని. వాక్యం పూర్తి చెయ్యలేదు. నువ్వు ఆయన వెనకే ఉన్నావు. అమ్మ కొత్త బల్బు కొని తెచ్చి, మార్చమని అంతకుముందే నీకే చెప్పింది. నువ్వు మార్చలేదు, అది వంటింటి అలమారులో డబ్బాలో అలాగే ఉంది. మర్నాడు నువ్వు ఆ బల్బు మార్చావు. ఆ తర్వాత మన ముగ్గురిలో ఒక్కరం కూడా ఆ మాట ఎత్తలేదు. ఏడాది తిరక్కుండానే అమ్మ మంచంలోనే పోయింది. నువ్వు కరెంటు పని నేర్చుకుని వెళ్ళిపోయావు. ఎవరింటికెళ్ళినా కూర్చోకముందే మెట్లమీద దీపం వెలుగుతోందో లేదో చూస్తావు. మా ఇంటికొచ్చినప్పుడు మా మెట్లకి ఒకటికి రెండు దీపాలు పెట్టి వెళ్ళావు. మీ బావగారు నవ్వారు. నేను నవ్వలేదు.

ఇన్నాళ్ళూ నాకెందుకు గుర్తు రాలేదంటావా? గుర్తు లేకపోవడం కాదు. ఆ క్లిప్పులు నాకెప్పుడూ గుర్తే. కానీ ఎండ ఉందా చీకటుందా అని నన్నెవరూ అడగలేదు. మనం అందరం ఒక మాటకి కట్టుబడిపోయాం. మేనేజరు నేల తడిమినట్టు.

ఇంకోటి కూడా గుర్తొచ్చింది. అమ్మ మెట్ల మధ్యలో ఆగి కిటికీ దగ్గర నిలబడేది. “ఏంటమ్మా ఆగావు?” అంటే “వీధి చూస్తున్నానే” అనేది. ఆ కిటికీలోంచి కనిపించేది పక్కింటి గోడ. ఒక్కోసారి గుండె మీద చెయ్యి పెట్టుకుని “లోపల ఎవరో సామాన్లు సర్దుతున్నారే, ఇల్లు మారుతున్నారు కాబోలు” అనేది. మనం నవ్వేవాళ్ళం. నేను చూడటానికి వెళ్ళిన రోజు ఆసుపత్రిలో ముసలి డాక్టరు అమ్మ మణికట్టు పట్టుకుని, గడియారం చూస్తూ చాలాసేపు వదల్లేదు. “ఎప్పట్నుంచమ్మా ఇలా?” అన్నాడు. “మెట్లెక్కే వాళ్ళందరికీ ఉండేదే కదండీ” అంది అమ్మ. ఆయన ఇంకేదో అడగబోతుంటే అమ్మకి నొప్పి వచ్చింది, మాట అక్కడితో ఆగిపోయింది.

ఇదంతా మర్నాడు డాక్టరమ్మకి చెప్పాను. ఆవిడ వెంటనే ఔనని అనలేదు. “చూడని మనిషి గురించి నేను తేల్చి చెప్పలేనమ్మా. అమ్మగారికీ ఇదే ఉండి ఉండొచ్చు. లేకపోనూవచ్చు” అంది. కాబట్టి నేనూ నీకు తేల్చి చెప్పడం లేదు. గుండేనో కాదో నాకు తెలీదు. బల్బు కాదని మాత్రం తెలుసు. ఆ ఎండ నేను చూశాను.

ఈ ముక్క ఫోన్లో చెప్పేదే. కానీ ఆ కొండమీద నీకు సిగ్నలు దొరకదు. దొరికినా ‘ఆఁ, సరే, ఉంటా’ అని పెట్టేస్తావు. కాగితమైతే పెట్టెయ్యడానికి ఉండదు.

తర్వాత ఆపరేషను అయింది. మీ బావగారికి ఇప్పుడు కొత్త ఉద్యోగం, నా నాడి చూడటం. గడియారం ఒక చేత్తో, నా మణికట్టు ఒక చేత్తో పట్టుకుని పెదాలు కదుపుతూ కూర్చుంటారు. పెళ్ళయిన కొత్తలో కూడా ఆయన ఇంతసేపు నా చెయ్యి పట్టుకోలేదు. పైకి నవ్వుతున్నాను గానీ నాకు భయంగానే ఉంది. గుండె మాట వినని మనిషికి ఒక్కసారి వినిపించడం మొదలుపెడితే ఇక ఆగదు. పక్కమీద ఒత్తిగిలితే చెవిలోనే కొట్టుకుంటున్నట్టుంటుంది. ఒక్క దెబ్బ ఆలస్యమైతే వాకరు గట్టిగా పట్టేసుకుంటాను. లాండ్రీకి మళ్ళీ వెళతానో లేదో తెలీదు. పొడుగమ్మ వచ్చి “నా ఎదురుగా ఇప్పుడొక కొత్తావిడ నడుస్తోంది, మడత వంకర” అని చెప్పి వెళ్ళింది. ఆ మాటకి సంతోషపడాలో ఏడవాలో తెలియలేదు. రెండూ చేశాను.

సరే, ఇప్పుడు నీ సంగతి.

మంచంలో పడి ఉన్నదానికి వేరే పనేముంది, నీ ఉత్తరాలు ముందేసుకుని చదివాను. పోయినదాని ముందు ఉత్తరంలో రాశావు, “గుండె ఒక్కోసారి కప్పలా గెంతుతోంది, టీ తగ్గించాలి” అని. పోయినదాంట్లో జీపు దిగుతూ పడ్డానని, పక్కటెముక చిట్లిందని. విడివిడిగా చదివినప్పుడు రెండూ రెండు ఉత్తరాలే. ఇప్పుడు పక్కపక్కన పెట్టి మళ్ళీ చదివాను. జీపు మెట్టు ఎంత ఎత్తుంటుందన్నయ్యా? అంతెత్తునుంచి పడితే విరిగే ఎముకా నీది? కరెంటు స్తంభాలు, టవర్లు ఎక్కిదిగే మనిషివి.

ఇక్కడినుంచి నేను చేసిన పని చెబుతున్నాను. చెప్పాలా వద్దా అని ఇంత దూరం లాక్కొచ్చాను, ఇక దాచలేను.

మీ సైటు ఆఫీసు నంబరు అమ్మాయి ద్వారా కనుక్కుని ఫోను చేశాను. మీ చిన్న ఇంజనీరు ఎత్తాడు. నీ చెల్లెల్నని చెప్పాను.

“చెప్పండమ్మా. పెద్దాయన బాగానే ఉన్నారు. రేపటినుంచి టవరు పని కూడా పెట్టుకున్నాం” అన్నాడు.

“జీపు దగ్గర పడ్డ దెబ్బ తగ్గిందా బాబూ?” అన్నాను.

“జీపా?” అన్నాడు. “జీపు దగ్గర కాదమ్మా, స్టోరు గదిలో. స్టూలు మీంచి లేచి రెండడుగులు వేశారు, అంతే, కూలబడిపోయారు. నేను పక్కనే ఉన్నాను. ఇంట్లో చెప్పొద్దన్నారు...” అని ఆగాడు. “అయ్యో, చెప్పేశానా!”

చెప్పేశాడు. పిల్లవాణ్ణి ఏమీ అనకు. నువ్వు జీపు అన్నావు, నేను బెణుకు అన్నాను. ఒక్క తల్లి బిడ్డలమే కదా, అబద్ధాలు కూడా ఒకేలా ఆడాం.

“పడేముందు ఆయన చెయ్యి ఎక్కడుంది?” అని అడిగాను.

కాస్త ఆలోచించాడు. “గుండె మీద ఉన్నట్టుందమ్మా. దగ్గొస్తోందేమో అనుకున్నాను” అన్నాడు.

నేను అప్పుడు నా కథంతా చెప్పాను. అమ్మ సంగతీ చెప్పాను. చెప్పి, “రేపు ఆయన్ని టవరు ఎక్కనివ్వకు” అన్నాను.

“ఆయనకి నేనెలా చెప్పనమ్మా? నాకు టవరెక్కడం నేర్పిందే ఆయన” అన్నాడు.

“నేర్పిన మనిషి పైన ఉండగా అలా కళ్ళు తేలేస్తే కిందనుంచి ఏం చెయ్యగలవు నువ్వు?”

“ఎక్కనివ్వనమ్మా. డాక్టరుకి చూపించుకుని, ఆయన సరేనన్నాకే. నేనే బండిలో తీసుకెళతాను” అన్నాడు. వాడికి నువ్వంటే చాలా ఇష్టం అన్నయ్యా.

కాబట్టి ఈ ఉత్తరం నీకు చేరేసరికి నిన్ను పైకెక్కే పనినుంచి తప్పించి ఉంటారు. ఎవరు చెప్పారా అని అందర్నీ అనుమానిస్తూ, కస్సుమంటూ తిరుగుతూ ఉంటావు. ఎవరూ కాదు. నేనే.

ఫోను పెట్టేశాక ఏడ్చాను. నువ్వు ఒకసారి రాశావు, పనయ్యాక పైనే కాసేపు కూర్చుంటావనీ, చీకటి పడుతుంటే కింద లోయలో ఇళ్ళు ఒక్కొక్కటీ వెలుగుతుంటే ఈ ఒక్క పనైనా సరిగ్గా చేశాననిపిస్తుందనీ. నీకు పెళ్ళి లేదు, ఇల్లు లేదు, అదొక్కటే ఉంది. దాన్ని నీకు చెప్పకుండా ఒక ఫోన్‌తో లాగేసుకున్నాను. మీ బావగారితో అంటే, “తిరిగి ఇచ్చెయ్యొచ్చు. చూపించుకుంటే డాక్టర్లే ఇస్తారు. పడితే మాత్రం ఎవరూ తిరిగివ్వలేరు” అన్నారు. ఆయన ఎప్పుడూ ఇంత పెద్ద మాట అనరు. అనేసి కుళాయి చూడటానికి వెళ్ళిపోయారు.

డాక్టరమ్మ చెప్పింది కూడా రాస్తున్నాను, తర్వాత చెప్పలేదనకు. కొన్ని ఇళ్ళలో ఇది తోబుట్టువులకి వస్తుందట. ఈసీజీ తీయించుకోవడం చొక్కా విప్పి పడుకున్నంత తేలిక. ఆ ఒక్కసారి గుండె మామూలుగా కొట్టుకుంటే దొరక్కపోవచ్చు, అప్పుడు ఒంటికి ఒక చిన్న మిషను తగిలించి పంపిస్తారట, విసుక్కోకుండా పెట్టుకో. ఎముక స్కాను కూడా అడుగు, వాళ్ళు అడగరు. ఉంటే మందులున్నాయి. వదిలేస్తే పడటం ఒక్కటే కాదు, పక్షవాతం కూడా రావచ్చట. లేకపోతే మరీ మంచిది, చెల్లెలు పిచ్చిది అని నలుగురికీ చెప్పుకో, నేనేమీ అనుకోను.

అమ్మ సంగతి చెప్పి నీ బరువు దించి, అదే ఉత్తరంలో ఇంకో బరువు ఎత్తానని నాకు తెలుసు. రెండూ విడివిడిగా రాద్దామనుకున్నాను. కుదరలేదు. అమ్మ ఎందుకు పడిందో వెతుక్కుంటూ వెళితే నువ్వు కనిపించావు. నాన్న సగంలో ఆపిన వాక్యం మోస్తూ నువ్వు బతికేశావు. ఆ వాక్యం తప్పు అన్నయ్యా. నాన్నకీ తెలీదు, మనకీ తెలీదు, అంతే. నీ మీద ఏ తప్పూ లేదు. ఈ మాట నీ ఎదురుగా కూర్చుని చెప్పాలనుంది. డాక్టరుకి చూపించుకున్నాక రా. వాకరుతో గుమ్మందాకా నేనే ఎదురొస్తాను.

ఇది చదివి నామీద నీకు చాలా కోపం వస్తుంది. రానీ. నీ కోపం నాకు చిన్నప్పట్నుంచీ అలవాటే. గొంతు చించుకుని తిట్టు, పది పేజీల ఉత్తరం రాసి తిట్టు, నాతో మాట్లాడటం మానేసినా సరే. ఎంత కోపమొచ్చినా సరే, నేల మీద నిలబడి కోప్పడు.

ఇట్లు,
నీ తిట్ల కోసం గుమ్మంవైపే చూస్తున్న
నీ చెల్లెలు